సదరం సేవ: పని చేయలేకపోవడం వేరు, శాతం పడటం వేరు

సదరం అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్ల బోర్డు కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ సేవ. దానికి మార్కులు వేయాలంటే రెండుగా విడదీసి వేయాలి. సర్టిఫికెట్ చేతికొచ్చాక అది అక్కరకొచ్చే తీరుకు ఐదుకు నాలుగు. పింఛను, బస్ పాస్, ఉద్యోగ రిజర్వేషన్, అన్నిటికీ ఆ ఒక్క కాగితమే ఆధారం. అది చేతికొచ్చేదాకా తిప్పే తీరుకు మాత్రం రెండు, అదీ కాస్త ఉదారంగా.

చాలామంది తడబడేది మొదటి మెట్టు దగ్గరే. ‘కూలికి పోలేకపోతున్నానండీ’ అని చెబితే రాసుకునే గడి బోర్డు దగ్గర లేదు. డాక్టరు కొలిచేది కీలు ఎంత వంగుతోంది, కండరంలో బలమెంత, చూపెంత, వినికిడెంత అన్నవే. మోకాలి కింద కాలు పోయి, కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసుకునే మనిషికి 60 శాతమో 70 శాతమో వస్తుంది. నడుంనొప్పితో సిమెంటు బస్తా ఎత్తలేక ఇంట్లో కూర్చున్న తాపీ మేస్త్రికి 40 కూడా దాటకపోవచ్చు. అన్యాయమనిపిస్తుంది గానీ, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద లెక్క ఇంతే: 21 రకాల వైకల్యాలు, అర్హతకు మెట్టు 40 శాతం.

శాతాల దగ్గర ఇంకో చిక్కుంది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే పడేది 30 శాతమే, పింఛనుకు చాలదు. రెండు లోపాలుంటే శాతాలను నేరుగా కూడరు. పెద్ద శాతాన్ని 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చింది పెద్ద శాతానికి కలుపుతారు. కాలికి 20, చేతికి 20 ఉంటే 40 అయిపోయిందని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. బోర్డు లెక్కలో అది 35.6 దగ్గర ఆగిపోతుంది. 30, 20 అయితే 43.3, గట్టెక్కినట్టే. అందుకే ఉన్న లోపాలన్నీ పరీక్షకు పెట్టించుకోవాలి. కాలు చూపించి చెవి సంగతి దాచుకుంటే నష్టం మనకే.

ఆంధ్రప్రదేశ్‌లో పరీక్ష క్యాంపుకు స్లాట్ మీసేవలో గానీ గ్రామ, వార్డు సచివాలయంలో గానీ బుక్ చేస్తారు. ఆధార్ నంబరు, దానికి లింకైన ఫోను చేతిలో ఉండాలి. స్లాట్లు వదిలిన రోజు పొద్దున్నే వెళ్లడం మేలు, త్వరగా అయిపోతాయి. తెలంగాణలో 2025 నుంచి ఈ పని యూడీఐడీ (వికలాంగులకు దేశమంతా చెల్లే గుర్తింపు కార్డు) పోర్టల్‌లోకి మారింది, జనం నోట మాత్రం ఇంకా సదరమే. యూడీఐడీ కార్డు పసుపు రంగైతే 40 నుంచి 79 శాతం, నీలమైతే 80 ఆపైన, తెలుపైతే 40 లోపు.

బుక్ చేసేటప్పుడే వైకల్యం రకం సరిగ్గా పెట్టించాలి. ఎముకల డాక్టరు ఉన్న రోజున వినికిడి కేసు తీసుకెళ్తే ఆ రోజు వృథా. క్యాంపుకు ఆధార్ అసలు, స్లాట్ రసీదు, ఫొటోలు, పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు, డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్లాలి. వినికిడి కేసుల్లో బెరా పరీక్ష (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో యంత్రంతో చూసేది) కూడా రాస్తారు, ‘వినపడట్లేదు’ అన్న మాట ఒక్కటే చాలదు. మానసిక అనారోగ్యమైతే మందుల చీటీలు ఎన్నాళ్ల నాటివుంటే అంత మంచిది. చికిత్స ఇంకా నడుస్తుంటే, విరిగిన ఎముక ఇంకా అతుక్కోకుంటే, తర్వాత రమ్మంటారు. అది తిరస్కరణ కాదు, కోపం తెచ్చుకోవద్దు.

సర్టిఫికెట్ రాగానే శాతం తర్వాత చూడాల్సింది పర్మనెంటా, టెంపరరీనా అన్నది. టెంపరరీ అయితే గడువు తేదీ ఉంటుంది, అది దాటితే పింఛను ఆగే ప్రమాదం ఉంది. గడువుకు మూడు నెలల ముందే మళ్లీ స్లాట్ వేయించుకోవాలి. 2025లో ఏపీలో జరిగిన తిరిగి తనిఖీల్లో 40 లోపు పడ్డవాళ్లకు నోటీసులొచ్చాయి. అలాంటి నోటీసు వస్తే ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు ఇచ్చుకోవచ్చు. నోటీసు కాగితం పారేయకండి, అప్పీలుకు అదే కావాలి.

శాతం పడ్డాక కూడా పింఛనుకు ఇంటి స్థితిగతులు చూస్తారు. ఏపీలో నెల ఆదాయం పల్లెలో 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. నెల కరెంటు సగటున 300 యూనిట్ల లోపుండాలి. దరఖాస్తులు ఎక్కువగా వెనక్కొచ్చేది కరెంటు మీటరు దగ్గరే: అద్దెకుండేవాళ్ల పేరుతో ఓనరు మీటరు ముడిపడి ఉంటుంది. సచివాలయంలో ఆధార్, మీటరు లింకు సరిచేయించాకే మళ్లీ పెట్టాలి. ఇవన్నీ దాటితే ఏపీలో 2024 నుంచి నెలకు 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైతే 15,000. తెలంగాణలో 4,016, అక్కడ వినికిడి లోపానికి మెట్టు 51 శాతం.

‘పని చేయగలడా’ అని నిజంగా అడిగే పింఛను వేరే ఉంది: పీఎఫ్ వారి ఈపీఎస్-95, అంటే ఉద్యోగుల పింఛను పథకం. ఉద్యోగంలో ఉండగానే శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే పదేళ్ల సర్వీసు అక్కర్లేదు, ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. ఫారం 10-డి పెట్టి, పీఎఫ్ ఆఫీసు చెప్పిన మెడికల్ బోర్డు ముందుకెళ్లాలి. రాజీనామా రాసిచ్చాక గుర్తొస్తే లాభం లేదు.