నికాన్ డీ850: ఆ 45.7 మెగాపిక్సెల్స్ పూర్తిగా దక్కాలంటే

2017 ఆగస్టులో ప్రకటించిన కెమెరాకు ఇప్పుడు రివ్యూ ఏమిటని అడగొచ్చు. పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఒక్కొక్కరుగా అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు మారుతున్నారు. వాళ్లు వదిలేసిన డీ850 బాడీలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి ఇంటికి తెచ్చుకున్న వాళ్ల నుంచి తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటే: "పాత 24 మెగాపిక్సెల్ కెమెరాలోనే ఫొటో షార్ప్‌గా వచ్చేది." తప్పు కెమెరాది కాదు. పాత కెమెరా దాచిపెట్టిన వణుకును, ఫోకస్ తేడాను ఇది దాచదు.

ముందు లెక్క చూద్దాం. దీని ఫొటో 8256 × 5504 పిక్సెల్స్. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో అడ్డంగా 6000 పిక్సెల్స్ ఉంటాయి. అంటే పిక్సెల్స్ దాదాపు రెట్టింపైనా, ఒక గీత పొడవునా దొరికే వివరం పెరిగేది 37 శాతమే. ఆ 37 శాతం చిన్న పొరపాటుకే ఆవిరైపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ కోసమే అయితే ఈ బరువు మోయడం దండగ, బ్యాటరీ, కార్డుతో కలిపి బాడీయే కిలో పైమాట. 12 × 36 అంగుళాల పెళ్లి ఆల్బమ్‌లో రెండు పేజీలకూ ఒకే ఫొటో పరిస్తే అంగుళానికి 229 పిక్సెల్స్ వస్తాయి. అదే 24 మెగాపిక్సెల్‌తో 167కు పడిపోతుంది. పెద్ద ప్రింట్, గట్టి క్రాప్, కట్టడాలు, నగలు, ప్రకృతి దృశ్యాలు: దీని సత్తా అక్కడ.

అన్నిటికంటే ముందు వణుకు సంగతి. ఒక్కో పిక్సెల్ వెడల్పు 4.35 మైక్రాన్లు. షట్టర్ తెరిచి ఉన్న కాస్త సమయంలో బొమ్మ సెన్సర్ మీద అంత దూరం జరిగినా 100 శాతం జూమ్‌లో కనిపిస్తుంది. బాడీలో స్టెబిలైజేషన్ (వణుకును సర్దే ఏర్పాటు) లేదు. ఒకటి కింద ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీది ఎంఎం అంకె) వేసుకుని షట్టర్ స్పీడ్ పెట్టే పాత సూత్రం (85 ఎంఎంకు సెకనులో 1/85 వంతు) ఇక్కడ చాలదు. చేత్తో పట్టి తీస్తే దాన్ని రెట్టింపు చేయండి. 85 ఎంఎంకు 1/200, 200 ఎంఎంకు 1/400 కంటే కిందికి దిగొద్దు, వీఆర్ (లెన్స్‌లోని స్టెబిలైజేషన్) లేని లెన్స్ అయితే ఇంకా పైకి. ఆటో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకోవడం) పెట్టి, దాని కింద ఉండే మినిమమ్ షట్టర్ స్పీడ్‌ను "ఆటో"లో ఉంచి, దాన్ని "ఫాస్టర్" వైపు ఒక మెట్టు జరిపితే ఈ పని కెమెరాయే చూసుకుంటుంది. ఐఎస్ఓ పెరుగుతుందని జంకొద్దు. నాయిస్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన ఫొటోకు మందు లేదు.

ట్రైపాడ్ మీద పెట్టినంత మాత్రాన సరిపోదు. 1/60 నుంచి 1/4 మధ్య స్పీడ్లలో అద్దం లేచే కుదుపు, షట్టర్ తెర తెరుచుకునే కుదుపు రెండూ బొమ్మలో పడతాయి. విరుగుడు ఇది. రిలీజ్ మోడ్ డయల్‌ను ఎంయూపీ (అద్దాన్ని ముందే లేపే మోడ్) మీద పెట్టండి. కస్టమ్ సెట్టింగ్స్ డి గ్రూపులో ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ షట్టర్ ఆన్ చేయండి. పది పిన్నుల కేబుల్ రిలీజ్ తగిలించండి. మొదటి నొక్కుకు అద్దం లేస్తుంది, రెండు మూడు సెకన్లు ఆగి రెండోసారి నొక్కండి. మర్చిపోయి వదిలేస్తే 30 సెకన్ల తర్వాత కెమెరా తనంతట తానే ఫొటో తీసేస్తుంది, కంగారు పడొద్దు. ఆ ఎలక్ట్రానిక్ కర్టెన్ మామూలు సింగిల్ (ఎస్) మోడ్‌లో పనిచేయదు. మెనూలో ఆన్ చేశాం కదా అని ఎస్ మోడ్‌లో తీసి, లాభం లేదని తిట్టుకునేవాళ్లు చాలామంది. కేబుల్ లేకపోతే ఎక్స్‌పోజర్ డిలే మోడ్‌లో 3 సెకన్లు పెట్టండి.

ట్రైపాడ్ మీద లెన్స్ వీఆర్ ఆపేయండి. మధ్య కడ్డీ పైకి లేపొద్దు. మెడ బెల్టు విప్పేయండి, ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం గాలికి అది జెండాలా కొట్టుకుంటుంది, ఆ దెబ్బ కెమెరాకే తగులుతుంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి లైట్లు తీయాలంటే బ్రిడ్జి మీద ట్రైపాడ్ వేయకండి. బండ్లు పోతుంటే వంతెన ఊగుతుంది, రెండు సెకన్ల ఎక్స్‌పోజర్‌లో ప్రతి దీపం చిన్న గీతగా మారుతుంది. గట్టు మీద గట్టి నేల చూసుకోండి.

ఇక అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం; ఎఫ్/ అంకె పెరిగేకొద్దీ అది మూసుకుంటుంది. "ల్యాండ్‌స్కేప్ అంటే ఎఫ్/16" అనేది ఫిల్మ్ రోజుల మాట. పచ్చ కాంతికి ఎఫ్/8 దగ్గర ఒక చుక్క సుమారు 11 మైక్రాన్ల వృత్తంగా పరుచుకుంటుంది, ఎఫ్/16 దగ్గర 21 దాటుతుంది. అంటే చుక్క ఐదు పిక్సెల్స్ వెడల్పున కరిగిపోయినట్టే. మంచి లెన్సులు ఎఫ్/4 నుంచి ఎఫ్/8 మధ్య అన్నిటికంటే షార్ప్‌గా గీస్తాయి. ఎఫ్/11 వరకూ ఫర్వాలేదు, ఆ పైన పోతే 45 మెగాపిక్సెల్స్‌కు డబ్బు పెట్టి దాన్ని మీరే తగ్గించుకున్నట్టు.

ఇక్కడే మరో మోసం ఉంది. ఫోన్ యాప్‌లలో హైపర్‌ఫోకల్ పట్టిక (దూరం దాకా షార్ప్‌గా రావాలంటే ఎక్కడ ఫోకస్ చేయాలో చెప్పేది) చూస్తే 24 ఎంఎం, ఎఫ్/8కు 2.4 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే అనంతం దాకా షార్ప్ అంటుంది. ఆ లెక్క 0.03 మిల్లీమీటర్ల మసక చుక్కను "షార్ప్" అనుకుంటుంది. ఈ సెన్సర్ మీద అది ఏడు పిక్సెల్స్! రెండు పిక్సెల్స్ కొలతగా తీసుకుంటే ఆ దూరం 8 మీటర్లు దాటుతుంది. గోల్కొండ బాలా హిస్సార్ మీద నుంచి కింద ఊరంతా తీస్తూ 2.4 మీటర్లకు ఫోకస్ చేస్తే దూరపు ఇళ్లన్నీ మెత్తబడతాయి, నింద మాత్రం లెన్స్ మీద పడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. దూరపు వస్తువే ముఖ్యమైతే దాని మీదే ఫోకస్ చేయండి. ముందున్న రాయి కూడా కావాలంటే రెండు ఫ్రేములు తీసి కలపండి. ఎండాకాలం మధ్యాహ్నం అక్కడి నుంచి 200 ఎంఎంతో సెవెన్ టూంబ్స్ వైపు తీస్తే ఏ సెట్టింగూ కాపాడదు, వేడి గాలి అలలకు గుమ్మటాల అంచులు వంకర్లు పోతాయి. ఉదయం ఎనిమిదిలోపు ముగించండి. ట్రైపాడ్ తీసుకెళ్లే ముందు స్మారకాల దగ్గర అనుమతి కనుక్కోవడం మరవొద్దు.

ఫోకస్ విషయంలో ఇది రెండు కెమెరాలు ఒకే పెట్టెలో ఉన్నట్టు. వ్యూఫైండర్‌లో చూసి తీస్తే ఫోకస్ కొలిచేది కెమెరా అడుగున ఉన్న వేరే సెన్సర్, 153 పాయింట్లు, మెరుపు వేగం. కానీ ఆ దారికీ అసలు సెన్సర్ దారికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎఫ్/1.4, ఎఫ్/1.8 లెన్సుల్లో కన్ను బదులు చెవి షార్ప్‌గా వస్తుంది. లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూసి తీస్తే) అసలు సెన్సర్ మీదే కొలుస్తుంది, ఈ తేడాకు తావు లేదు, కాకపోతే నెమ్మది. కదలని వస్తువైతే కళ్లు మూసుకుని లైవ్ వ్యూకే ఓటు.

కదిలే మనుషుల కోసం ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఒక్కో లెన్స్‌కు ఆ ఫోకస్ తేడాను సరిదిద్దడం) చేసి తీరాలి. కెమెరా ట్రైపాడ్ మీద, ఎదురుగా గోడకు సమాంతరంగా ముదురు గీతల అచ్చు కాగితం. దూరం మీరు మామూలుగా ఫొటో తీసేంత. అపర్చర్ పూర్తిగా తెరవండి. లైవ్ వ్యూలో మధ్య పాయింట్‌తో ఫోకస్ చేసి, జూమ్ చేసి సరిచూసుకోండి. తర్వాత ఏఎఫ్ మోడ్ బటన్, వీడియో రికార్డ్ బటన్ రెండూ కలిపి రెండు సెకన్లకు పైగా నొక్కి పట్టండి. అడిగినప్పుడు "యస్". ఒక్కసారితో నమ్మేయొద్దు, ప్రతిసారీ విలువ అటూ ఇటూ మారుతుంది. ఐదుసార్లు చేసి సగటు చేతితో ఎక్కించండి. చివర్లో సెటప్ మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, ఆఫ్‌లో ఉంటే అంతా వృథా. జూమ్ లెన్స్‌కు ఒకే విలువ దాచుకుంటుంది కాబట్టి 70-200కు మీరు ఎక్కువగా వాడే చివరనే సరిచేయండి.

ఎక్స్‌పోజర్‌లో దీని బంగారం ఐఎస్ఓ 64. పేరుకు పెట్టిన తక్కువ ఐఎస్ఓ కాదు, సెన్సర్ అసలు బేసే అది. దాని కింద "లో" అని కనిపించేవాటి జోలికి పోవద్దు, తెలుపులు త్వరగా కాలిపోతాయి. రాత్రి చార్మినార్ తీసేటప్పుడు మీటరింగ్‌ను హైలైట్ వెయిటెడ్‌కు మార్చండి. దీపాలు పడే సున్నపు నగిషీ కాలిపోకుండా చూస్తుంది. ఫొటో చీకటిగా కనిపిస్తుంది, కంగారొద్దు. 64 దగ్గర 14 బిట్ రా (కెమెరా మెరుగులు దిద్దని అసలు ఫైలు)లో నీడలను మూడు స్టాపులు, అంటే ఎనిమిది రెట్లు, లేపినా నాయిస్ ఇబ్బంది పెట్టదు. వెనక తెరలో కనిపించే హిస్టోగ్రామ్ జేపెగ్‌ది. పిక్చర్ కంట్రోల్ "ఫ్లాట్"లో ఉంచితే రాకు కాస్త దగ్గరగా చూపిస్తుంది. వెలుతురు తక్కువైతే ఇంకో కిటుకు: ఐఎస్ఓ 400 దగ్గర సెన్సర్ లోపలి గెయిన్ మారుతుంది, అందుకే 320 కంటే 400లో నీడలు శుభ్రంగా వస్తాయి.

పెళ్లిళ్లకు రెండు హెచ్చరికలు. సెన్సర్ ముందు లోపాస్ ఫిల్టర్ (మరీ సన్నని గీతలను కాస్త మసకబరిచే పొర) లేదు. పట్టుచీర సన్నని నేత, జరీ అంచు, సూటు బట్ట కొన్ని దూరాల్లో పిక్సెల్ వరసలతో తగువు పెట్టుకుని రంగురంగుల అలలు పుట్టిస్తాయి. చిన్న తెరలో అది కనిపించదు, 100 శాతం జూమ్ చేసి చూడండి. ఉంటే అర అడుగు ముందుకో వెనక్కో జరగండి, లేదా కోణం మార్చండి. అదీ కుదరకపోతే ఎఫ్/13, ఎఫ్/16కు మూయండి. పైన తిట్టిన ఆ మసకే ఇక్కడ మందు. రెండోది ఫంక్షన్ హాల్ ఎల్ఈడీలు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. 1/50, 1/100 క్షేమం. 1/250లో ఒక ఫ్రేము పసుపు, ఒక ఫ్రేము నలుపు. షూటింగ్ మెనూలో ఫ్లికర్ రిడక్షన్ ఆన్ చేస్తే కెమెరా వెలుగు వచ్చే క్షణం చూసి నొక్కుతుంది. స్టేజి వెనక ఎల్ఈడీ గోడ వేరే వేగంతో మినుకుతుంది కాబట్టి దానికి ఇది పనిచేయదు. అక్కడ సైలెంట్ లైవ్ వ్యూ ఫొటో అసలే వద్దు, చారలు పడతాయి.

లాడ్ బజార్ గాజులు, ముత్యాల సెట్లు అమ్మకానికి తీసేవాళ్లకు ఫోకస్ షిఫ్ట్ (ఫోకస్‌ను మెట్టు మెట్టుగా జరుపుతూ వరసగా ఫొటోలు తీసే సదుపాయం) ఒక్కటే ఈ కెమెరా కొనడానికి కారణం కావచ్చు. అన్నిటికంటే దగ్గరున్న గాజు అంచు మీద ఫోకస్ చేసి మొదలుపెట్టాలి. కెమెరా దూరం వైపే కదులుతుంది, వెనక్కి రాదు. ఎఫ్/5.6, స్టెప్ వెడల్పు 2 లేదా 3, షాట్లు కావలసిన దానికంటే ఎక్కువే ఇవ్వండి (300 దాకా ఉంటుంది), అనంతం చేరగానే అదే ఆగుతుంది. కలిపే పని మాత్రం కెమెరా చేయదు, కంప్యూటర్‌లోనే.

లెన్సుల మీద చిన్న మాట. పాత 24-120 ఎఫ్/4 మూలలు ఈ సెన్సర్‌కు తూగవు. చవకలో కావాలంటే 50 ఎంఎం, 85 ఎంఎం 1.8జీలు ఎఫ్/5.6 దగ్గర సిగ్గుపడాల్సిన పని లేదు. లెన్స్ ముందు అంటించుకున్న చవక యూవీ గ్లాసు తీసేయండి, ముఖ్యంగా టెలీలో.

ఒక్కో 14 బిట్ లాస్‌లెస్ కంప్రెస్డ్ రా ఫైలు సుమారు 50 ఎంబీ. పెళ్లికి మూడు వేలు నొక్కితే 150 జీబీ, దానికి రెండు కాపీలు. మీడియం రా 25.6 మెగాపిక్సెల్స్ ఉంది, కానీ 12 బిట్లే. రెండు కార్డుల్లోనూ రాసే బ్యాకప్ మోడ్‌లో ఎక్స్‌క్యూడీ కార్డుతో పాటు నెమ్మది ఎస్‌డీ కార్డు పెడితే బఫర్ (తీసిన ఫొటోలు కాసేపు ఆగే మెమరీ) ఖాళీ అయ్యేది ఎస్‌డీ వేగంతోనే. సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ బీ కార్డు వాడాలంటే ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలి.

పిల్లలు, డాన్స్, వీడియో మీ ప్రధాన పని అయితే ఇది తీసుకోకండి. వ్యూఫైండర్‌లో కన్ను వెతికే ఫోకస్ లేదు, లైవ్ వ్యూ ఫోకస్ వీడియోలో వెతుకులాడుతుంది. అదే 45.7 మెగాపిక్సెల్స్‌తో బాడీలో స్టెబిలైజేషన్ ఉన్న జెడ్8 అందుకు మేలు, ధర మీ ఇష్టం. స్థిరమైన వస్తువులు, ఆప్టికల్ వ్యూఫైండర్, చేతికి నిండుగా కూర్చునే గ్రిప్ కావాలంటే డీ850 ఇప్పటికీ లాభసాటి బేరమే.

కోఠిలో కొనేటప్పుడు మీ సొంత కార్డు తీసుకెళ్లండి. ఒక జేపెగ్ తీసి ఎగ్జిఫ్‌టూల్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్నిసార్లు నొక్కారో) చూడండి, కంపెనీ పరీక్షించింది 2,00,000 వరకు. ఎఫ్/16లో ఫోకస్ చెదరగొట్టి ఖాళీ ఆకాశం తీస్తే సెన్సర్ మీది దుమ్ము, మరకలు బయటపడతాయి. రెండు స్లాట్లలోనూ కార్డు పెట్టి రాసి చూడండి. గ్రిప్ రబ్బరు ఉబ్బిందేమో వేలితో నొక్కండి. పాత ఓనర్ ఏఎఫ్ ఫైన్ ట్యూన్ విలువలు లిస్టులో మిగిలి ఉంటే డబ్బు ఇచ్చే ముందే చెరిపేసి, అప్పుడు మీ లెన్స్‌తో ఫోకస్ పరీక్షించండి.