సున్నుండల పిండి ప్యాకెట్ కొంటున్నారా? ముందు ఆ తేదీ స్టిక్కర్ గీకి చూడండి

వేయించి మర పట్టిన సున్నుండల పిండిని వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాలో చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. పోయిన శ్రావణంలో మా అమ్మాయి శ్రీమంతానికి సారె తీసుకెళ్లబోతూ నేను పడ్డ అవస్థ ఇంకొకరు పడకూడదని రాస్తున్నాను.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఇరవై ఏళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటున్నాం. సున్నుండలంటే మా ఇంట్లో ఎప్పుడూ మినప్పప్పు తెచ్చి, వేయించి, మర పట్టించి చేసినవే. ఈసారి అదే వారంలో మావారికి కంటి శుక్లాల ఆపరేషన్ పడింది. చుక్కల మందు గంటకోసారి వెయ్యాలి. పొయ్యి దగ్గర అరగంట నిలబడి పప్పు వేయించే తీరిక లేదు. తెలిసినావిడ ఒక గ్రూపులో చేర్చారు. అందులో ‘ఇంటి వంటలు’ అంటూ ఒకరు పెట్టిన ఫొటోలు బాగున్నాయి. కిలో 480 రూపాయలు. రెండు కిలోలకు 960, కొరియర్‌కి 120, మొత్తం 1080 ముందే ఫోన్‌పే చేయించుకున్నారు.

ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ‘అచ్చమైన మినప సున్నుండల పిండి’ అని ఉంది. తయారీ తేదీ జులై. నాలుగు నెలల్లోపు వాడాలని కూడా ఉంది. ఆగస్టు కదా, తాజాదే అనుకున్నాను. తెరిచి వాసన చూశాను కానీ ఒక్క చిటికెడు నోట్లో వేసుకోలేదు. నా తప్పు అక్కడే జరిగింది. మర పట్టిన మినప్పిండిని వేళ్ల మధ్య నలిపితే సన్న రవ్వలా తగలాలి. ఇది పౌడర్‌లా జారిపోయింది. రంగు కూడా తెల్లగానే ఉంది. మనసులో ఏదో అనిపించింది, అయినా కొత్త మిషన్ మీద మెత్తగా పట్టారేమోలే అని సర్దిచెప్పుకున్నాను.

బుధవారం సాయంత్రం రెండు కిలోల పిండి, కిలోన్నర బెల్లం తురుము, పావుకిలో జీడిపప్పు, యాలకుల పొడి కలిపి, నెయ్యి కాచి పోశాను. ఆ నెయ్యి కొన్నది కాదు. నెలన్నర మీగడ దాచి, వెన్న తీసి, అమ్మాయి కోసమని కాచిన 900 గ్రాములు. వేడి నెయ్యి పడగానే ఇల్లంతా కమ్మటి వాసన. నేనూ, పక్కింటి పిన్నిగారూ కూర్చుని నూట పదహారు ఉండలు చుట్టాం. నెయ్యి, యాలకుల ఘుమఘుమలో మాకు ఇంకే వాసనా తెలియలేదు.

గురువారం పొద్దున అత్తయ్యకి ఒకటి చేతిలో పెట్టాను. ఆవిడకి ఎనభై రెండేళ్లు. సగం కొరికి, నములుతూ నములుతూ ఆగిపోయారు.

“ఈ పిండి ఎప్పటిదే అమ్మా?”

“పోయిన నెలదే అత్తయ్యా.”

“కాదు. కనరెక్కింది. గొంతులో పట్టుకుంటోంది చూడు.”

నేనూ తిన్నాను. మొదట తీపి, నెయ్యి. మింగాక నాలుక వెనక చేదు. పాత వేరుశనగ గింజ పొరపాటున నమిలితే ఎలా ఉంటుందో సరిగ్గా అదే. పైగా అంగిలికి అంటుకుని వదలడం లేదు. రాత్రి వేడి మీద తెలియనిది చల్లారాక బయటపడింది. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లకి పెట్టబోయిన తిండి అది. నాకు కాళ్లు వణికాయి.

అప్పుడు ప్యాకెట్ తీసి వెలుతురులో చూశాను. తేదీ ఉన్నచోట చిన్న తెల్ల స్టిక్కర్. దాని ఒక మూల కాస్త లేచి ఉంది. కాగుతున్న నీళ్ల ఆవిరి మీద రెండు నిమిషాలు పట్టుకుని గోటితో లాగితే మొత్తం ఊడి వచ్చింది. కింద అచ్చు వేసిన తేదీ అంతకుముందు ఏడాది నవంబర్‌ది. రెండో ప్యాకెట్ కూడా అంతే. అంటే వాళ్లు చెప్పిన నాలుగు నెలల గడువు మార్చిలోనే అయిపోయింది. దాని మీద కొత్త తేదీ అతికించి ఆగస్టులో నాకు అమ్మారు.

వెనక వైపు ఆవగింజంత అక్షరాల్లో పదార్థాల పేర్లు. బియ్యప్పిండి, మినప్పిండి, వేరుశనగపిండి. ఇది చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ప్యాకెట్ మీద పదార్థాలను ఏది ఎక్కువ బరువుంటే అది ముందు వచ్చేలా వరసగా రాయాలన్నది రూలు. బియ్యప్పిండి మొదట ఉందంటే అందులో ఎక్కువ భాగం బియ్యమే. ముందువైపు ‘అచ్చమైన మినప’ అని రాసి, లోపల బియ్యం పోసి, కమ్మదనం కోసం వేరుశనగ కలిపారు. ఆ వేరుశనగే కొంప ముంచింది. మినప్పప్పులో కొవ్వు నూరు గ్రాములకు ఒకటిన్నర గ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది. వేరుశనగలో దాదాపు సగం నూనే. గింజగా ఉన్నంతకాలం ఆ నూనె లోపలే ఉంటుంది. వేయించి పొడి కొట్టాక ప్రతి రేణువుకూ గాలి తగులుతుంది. ఇక కనరెక్కక ఏం చేస్తుంది? వేరుశనగ పడని పిల్లలున్న ఇంట్లో ఈ ప్యాకెట్ విప్పి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేస్తోంది.

ఫుడ్ లైసెన్స్ నంబర్ కూడా వేశారు. చూడగానే నమ్మకం కలిగేలా లోగో పక్కన అంకెల వరస. మూడుసార్లు లెక్కపెట్టాను, 13 అంకెలే ఉన్నాయి. ఆ లైసెన్స్ ఇచ్చే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ., నంబర్‌కి 14 అంకెలుంటాయి. ఆ నంబర్‌ను ఆ సంస్థ లైసెన్సుల సైట్ ఫోస్కోస్‌లో కొట్టి ఎవరి పేరు మీద ఉందో మనమే చూసుకోవచ్చు. కొనేముందు ఆ ఒక్క నిమిషం కేటాయించి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

అమ్మినవాళ్లకి ఫోన్ చేశాను. మొదట “మేడం, మీరు నెయ్యి తక్కువ వేసి ఉంటారు” అన్నారు. స్టిక్కర్ ఫొటో పంపాక, ప్యాకెట్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉందా అని అడిగారు. పిండి ప్యాకెట్‌కి వీడియో ఎవరు తీస్తారండీ? ఆ సాయంత్రానికి నన్ను గ్రూపులోంచి తీసేసి, నంబర్ బ్లాక్ చేశారు. మావారు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, చేసి ఫిర్యాదు నమోదు చేయించారు. ఫోన్‌పే రసీదు, స్టిక్కర్ తీయకముందు, తీశాక ఉన్న ఫొటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ ఇచ్చాం. మూడు వారాలకి 960 వెనక్కి వచ్చాయి. కొరియర్ డబ్బులు రాలేదు. ఆ నెయ్యి ఎలాగూ రాదు.

ఆ 116 ఉండలు పారెయ్యాల్సి వచ్చినప్పుడు నేను ఏడ్చిన మాట నిజం. పశువులకి పెడదామంటే అత్తయ్య ఒప్పుకోలేదు, “మనం తినలేనిది ఆవుకెందుకు?” అన్నారు.

ఇక ఆ గురువారమే మళ్లీ మొదలుపెట్టాం. మధ్యాహ్నం కిలో మినప్పప్పు తెప్పించి, బరువైన మూకుడులో సన్న సెగ మీద వేయించాను. పప్పు ఎర్రబడి, కమ్మటి వాసన వంటిల్లు దాటి హాల్లోకి వచ్చేదాకా చెయ్యి ఆపలేదు. రెండు గుప్పిళ్ల బియ్యం విడిగా వేయించి కలిపాను. ఆ కాస్త బియ్యం అంగిలికి అంటుకోకుండా చేస్తుంది. అంతే కానీ సగానికి సగం వెయ్యడానికి కాదు. పూర్తిగా చల్లారాక మా వీధి చివర గిర్నీకి పట్టుకెళ్లాను. అంతకుముందు ఎవరో కారం పట్టించారని తెలిసి, వేరేవాళ్ల బియ్యప్పిండి రెండు విడతలు అయ్యేదాకా ఆగి పట్టించాను. మొదట రాలిన గుప్పెడు పక్కన పెట్టించాను. 750 గ్రాముల బెల్లం, 400 గ్రాముల నెయ్యి. ఈసారి నెయ్యి కొన్నదే. 51 ఉండలు అయ్యాయి. శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి విజయవాడ బయల్దేరాం. వియ్యపురాలితో జరిగింది దాచకుండా చెప్పాను. “పిల్లకి పెట్టేది కదా వదినగారూ, మంచి పని చేశారు” అన్నారావిడ. అప్పటికి గానీ నా మనసు కుదుటపడలేదు.

జీడిపప్పు గురించి కూడా ఒక మాట. అందులోనూ నూటికి 45 గ్రాముల దాకా కొవ్వే. ముక్కలు చవకని సంచిలోంచి తీసి పోసేవి కొనకండి. గుండు పప్పు కొని ఇంట్లో విరుచుకోండి. ప్యాకెట్ మీద డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉండేది ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే లెక్క. అంకె చిన్నదైతే పప్పు పెద్దది. పలాస పేరు అందరూ వేసుకుంటున్నారు, పేరు చూసి కాక ఒకటి కొరికి చూసి కొనండి. తాజా పప్పు పళ్ల కింద పుటుక్కున విరుగుతుంది. పాతది రబ్బరులా సాగుతుంది.

శనగపిండి లడ్డూలు చేసేవాళ్లకి ఇంకా జాగ్రత్త కావాలి. శనగపిండిలో లంకపప్పు పిండి కలిపే మోసం పాతదే. దాన్నే కేసరి పప్పు అని కూడా అంటారు. ఎక్కువకాలం తింటే కాళ్లు పడిపోయే జబ్బు వస్తుందనే దాని అమ్మకాన్ని నిషేధించారు. పప్పుగా ఉంటే ఒకవైపు ఏటవాలుగా, పలకలు తేలి ఉంటుంది, గుర్తుపట్టి ఏరెయ్యొచ్చు. పిండిలో కలిసిపోతే ఏ కళ్లద్దాలు పెట్టుకున్నా కనిపించదు. అందుకే శనగపప్పు కొని, ఎండలో పెట్టి, మర పట్టించుకోమని మా అమ్మాయికి కూడా చెప్పాను.

పనిలో ఉన్నవాళ్లకి, ఒంట్లో బాగాలేనివాళ్లకి రెడీమేడ్ తప్పకపోవచ్చు, నేనూ అలాగే కొన్నాను. కొంటే అరకిలోకి మించి కొనకండి. రాగానే అన్నివైపులా ఫొటో తీసి పెట్టుకోండి. నెయ్యి తగలకముందే ఒక చెంచా పొడి పిండి నోట్లో వేసుకుని, మింగాక రెండు నిమిషాలు ఆగండి. చేదు వెనకాలే వస్తుంది.

నా దగ్గరికి వచ్చినవి నారింజ రంగు అంచున్న ప్లాస్టిక్ ప్యాకెట్లు. తేదీ తెల్ల స్టిక్కర్ మీద నల్ల ఇంకుతో ఉంది. ఆ స్టిక్కర్లు, ఖాళీ ప్యాకెట్లు జిప్ కవర్లో పెట్టి దాచాను. ఎవరింట్లోనైనా అలాంటి ప్యాకెట్ విప్పకుండా ఉంటే, పండక్కని అటక మీద పెట్టి ఉంటే, ఇప్పుడే దించి ఆ స్టిక్కర్ కింద ఏ తేదీ ఉందో చూడండి.