పాలకొల్లులో మా కాంప్లెక్స్‌కి పెట్టించిన సెక్యూరిటీ సామాను: ఆరేళ్లు వాడాక నా సమీక్ష

మాది పాలకొల్లులో మూడంతస్తుల కమర్షియల్ కాంప్లెక్స్. కింద మందుల షాపు, రొయ్యల మేత ఏజెన్సీ, బట్టల కొట్టు ఉన్నాయి. పైన డెంటల్ క్లినిక్, ఆడిటర్ గారి ఆఫీసు, ఆపైన ట్యూషన్ సెంటర్. 2019లో కెమెరాలు, మాగ్నెట్ లాకులు, షట్టర్ సెన్సార్లు, సైరన్ అన్నీ ఒకేసారి పెట్టించాం, తర్వాత ఒక్కోటీ మార్చుకుంటూ వచ్చాం. కంపెనీల పేర్లు అడగొద్దు, నేను చెప్పే లోపాలు చాలావరకు ఎవరి సరుకు కొన్నా ఉండేవే.

ఇప్పుడు ఏది కొనాలన్నా నేను మొదట అడిగేది ఒకటే, కరెంటు పోతే ఇదేం చేస్తుంది? మన ఏరియాలో కాస్త ఈదురుగాలి వచ్చి కొబ్బరి మట్ట తీగ మీద పడితే చాలు లైను పోతుంది, తుపానొస్తే ఇక చెప్పక్కర్లేదు. దీనికి తోడు మా మీటర్ల బోర్డు మెట్ల కింద బార్లా తెరిచి ఉండేది, దారినపోయేవాడు వచ్చి మెయిన్ దించేసినా అడిగేవాడు లేడు. లక్షలు పోసి పెట్టిన వ్యవస్థ మొత్తం ఆ ఒక్క స్విచ్ మీద ఆధారపడి ఉందన్న సంగతి అమ్మినవాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. రీడింగ్ తీసేవాళ్లకి అంకెలు కనపడాలి కాబట్టి జాలీ తలుపు చేయించి తాళం వేశాం. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయిన పని అదే, కాంప్లెక్స్ ఉన్నవాళ్లెవరైనా ముందు చేయాల్సిందీ అదే అంటాను.

మాగ్నెట్ లాక్ సంగతి. కరెంటు అయస్కాంతంతో తలుపుని పట్టి ఉంచే తాళం ఇది. డబ్బా మీద 600 పౌండ్ల పట్టు అని ఉంటుంది, అంటే సుమారు 270 కిలోలు. అబద్ధం కాదు, కరెంటు ఉన్నంతసేపు తలుపు పట్టుకుని వేలాడినా రాదు. కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోయిందంటే మాత్రం వేలితో తోస్తే తెరుచుకుంటుంది. ఇది లోపం కాదు, మంటలు రేగితే లోపలివాళ్లు బయటపడాలని కావాలనే అలా చేస్తారు. కాబట్టి పగటిపూట రాకపోకలకి అది బాగుంటుంది, రాత్రి కాపలాకి మాత్రం పనికిరాదు. వెనక ఉండే 12 వోల్టుల బ్యాటరీ కొత్తలో రాత్రంతా ఆగుతుంది, రెండు మూడేళ్లు వాడాక ఎంతసేపు ఆగుతుందో మెయిన్ తీసేసి గడియారం పట్టుకుని కూర్చుంటే గానీ తెలీదు. మేం ఏడాదికోసారి అలా చూస్తాం. ఆడిటర్ గారి ఆఫీసుకి రాత్రిపూట వేసుకునే మామూలు తాళం కూడా వేరే పెట్టించాం. ఇంకోటి, అద్దాల తలుపు రెక్కల మధ్య సందు ఉంటే అందులోంచి సన్నటి కడ్డీ పోనిచ్చి బయటికెళ్లేవాళ్లు తలుపు తీసుకోడానికి నొక్కే లోపలి ఎగ్జిట్ బటన్ నొక్కేయొచ్చు. మా దగ్గర బటన్ తలుపు పక్కనే ఉండేది, దాన్ని అందనంత దూరం జరిపించాం.

తలుపు తెరవడానికి చూపించే కార్డులు: చవగ్గా వచ్చే 125 కిలోహెర్ట్జ్ కార్డుల్లో రహస్యమేమీ ఉండదు, నంబరు ఒకటి ఉంటుంది, చిన్న మెషిన్‌తో నిమిషంలో కాపీ అయిపోతుంది. అది వద్దంటే 13.56 మెగాహెర్ట్జ్ అని ఇంకోటి చూపిస్తారు. అందులోనూ క్లాసిక్ అనే పాత రకం ఉంది, దాని రక్షణని పరిశోధకులు 2008 నాటికే ఛేదించారు, అయినా ఇప్పటికీ అంటగడుతున్నారు. అడిగి మరీ కొత్త రకం ఎన్‌క్రిప్షన్ ఉన్నవి తీసుకోండి. వేలిముద్రల మెషిన్ ఆడిటర్ గారి ఆఫీసులో బ్రహ్మాండంగా పనిచేసింది, మేత ఏజెన్సీలో మాత్రం ఉత్త దండగ. రోజంతా బస్తాలు మోసే కుర్రాళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటాయి, పైగా చెమట, తడి. నాలుగుసార్లు పెట్టినా తీసుకోదు. దాంతో అందరూ కోడ్ నొక్కడం మొదలుపెట్టారు, కొన్నాళ్లకి కీప్యాడ్ మీద ఆ నాలుగు అంకెలే అరిగిపోయి ఎవరు చూసినా చెప్పేసేలా తయారయ్యాయి. ఇప్పుడక్కడ కార్డులే.

కెమెరాల మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, సముద్రం గాలికి కూడా కెమెరా బతుకుతుంది, చచ్చేది దాని వెనక ఉన్న కనెక్టర్లు. పచ్చగా చిలుము పట్టి బొమ్మ అలలు అలలుగా వస్తుంటే కెమెరా పోయిందనుకుని చాలామంది కొత్తది కొనేస్తారు. కనెక్టర్ కోసి కొత్తది వేసి, నీళ్లు చొరని బాక్సులో పెట్టి, వైరు దూరే కన్నం మూయిస్తే చాలు, మా దగ్గర 2019 కెమెరాలు ఇంకా నడుస్తున్నాయి. రాత్రి కూడా రంగుల్లో చూపిస్తుందని తెల్ల లైటు ఉన్న రకం ఒకటి ముందువైపు పెట్టించాం. చుట్టూ వరిచేలున్న ఊళ్లో ఇది కొనొద్దు! సార్వా కోతల ముందు వరికి పట్టే సుడిదోమ లేచే రోజుల్లో ఆ లైటు మీదకి మూకుమ్మడిగా వచ్చి వాలుతుంది, తెల్లారి చూస్తే రికార్డింగ్ నిండా దోమే. లైటు ఆపేసి మామూలు ఇన్‌ఫ్రారెడ్‌లో (కంటికి కనపడని వెలుగులో) వాడుతున్నాం, నలుపు తెలుపైనా మనిషి కనిపిస్తున్నాడు. సాలెగూళ్లు మాత్రం దానికీ పడతాయి, వారానికోసారి బూజుకర్ర తప్పదు.

హార్డ్ డిస్క్ లెక్క ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. కెమెరాకి 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) చొప్పున 8 కెమెరాలకి రోజుకి సుమారు 170 జీబీ. అంటే ఫ్రీగా ఇచ్చామని ఇచ్చే 1 టీబీ డిస్క్ ఆరు రోజుల్లోపే నిండిపోయి పాతది చెరిగిపోతుంది. మన రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే చోట్ల రికార్డింగ్ 30 రోజులు దాచాలి, దానికి 6 టీబీ అయినా ఉండాలి. సంక్రాంతికి నాలుగు రోజులు కొట్లు మూసి ఊళ్లకి పోయి, వచ్చాక మెల్లగా ఏదో తేడా గమనించే మనబోటి వాళ్లకి ఆరు రోజుల రికార్డింగ్ ఏ మూలకి?

డీవీఆర్‌ని, అంటే కెమెరాల రికార్డింగ్ దాచే డబ్బాని, క్యాష్ కౌంటర్ కింద పెట్టకండి, క్యాష్‌తోపాటు దాన్నీ పట్టుకుపోతారు. మాది రెండో అంతస్తులో తాళం వేసే ఇనుప పెట్టెలో ఉంది. బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డ్ అదే రోజు మార్చండి, 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లలోకే లక్షల్లో దూరింది.

సైరన్, షట్టర్ సెన్సార్లకి మాత్రం పదికి మూడు మార్కులే. షట్టర్ కదిలితే మోగాలి, కానీ మా షట్టర్ గాలికి కూడా కదులుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు సైరన్ అరిచి అరిచి బ్యాటరీ అయిపోయాక గానీ ఊరుకోలేదు. "గాలొచ్చినా అరుస్తాది, దొంగొచ్చినా అరుస్తాది, నేను దేనికి లేవాలండీ?" అని అడిగాడు మా వాచ్‌మన్ బాబాయ్, నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇన్వర్టర్ చేతులెత్తేసింది, కెమెరాలు పోయాయి, మాగ్నెట్ లాకులు వదిలేశాయి. నిలబడినవి మామూలు తాళాలు, షట్టర్ల సెంటర్ లాకులు, డాబా మీద గ్రిల్లు. తర్వాత షట్టర్ పట్టాలు సరిచేయించి ఊగడం తగ్గించాం, దాంతో సైరన్ ఉత్తుత్తి గోల కూడా బాగా తగ్గింది.

సెంటర్ లాక్ గురించి ఇంకో మాట. రెండు పక్కలా మాత్రమే తాళాలున్న షట్టర్‌ని మధ్యలో గడ్డపారతో ఎత్తితే విల్లులా వంగి మనిషి దూరేంత సందు వస్తుంది. మధ్యలో నేలకి బిగించే తాళం ఉంటే అది కుదరదు. కప్పతాళాల్లో కూడా కొంకి పైకి కనిపించని గుండ్రటి రకం తీసుకుంటే కట్టర్ నోటికి అందదు. కింద పట్టీ తుప్పు పట్టిందేమో ఏటా వానాకాలం అయ్యాక కాలితో తన్ని చూడండి, మాది ఒకటి అప్పడంలా విరిగింది.

డాబా తలుపు అందరూ వదిలేసే చోటు. మాది చెక్క తలుపు, ముసురు పట్టిందంటే ఉబ్బిపోయి గొళ్లెం పడేది కాదు, ట్యాంకు కడిగేవాళ్లు ఇటుక అడ్డం పెట్టి దిగిపోయేవారు. పక్క డాబా నుంచి పిట్టగోడ దాటితే నేరుగా మా మెట్ల మీదకే. ఇనుప గ్రిల్లు తలుపు పెట్టించాం, కానీ తాళం వేసేయలేదు, కింద మంటలొస్తే పైకి పరిగెత్తే దారి అదే కదా. లోపలి నుంచి తాళంచెవి లేకుండా తీసుకునే గడియ, బయటినుంచి చెయ్యి దూరకుండా దాని చుట్టూ రేకు. ఆరేళ్లలో పెట్టిన ఖర్చులో నాకు బాగా నచ్చింది ఇదే.

ఒకటి ఇంకా మిగిలిపోయింది. డెంటల్ క్లినిక్ బాత్రూముకి సందువైపు అద్దాల పలకల వెంటిలేటర్ ఉంది, ఆ పలకలు బయటినుంచి ఒక్కోటీ లాగితే చప్పుడు లేకుండా వచ్చేస్తాయి. గ్రిల్లు నేను పెట్టించాలా, డాక్టరు గారు పెట్టించుకోవాలా అన్నది తేలలేదు. ఈ వేసవిలోపు తేలకపోతే నేనే వెల్డింగ్ అబ్బాయిని పిలిచి ఆ డబ్బు అద్దెలో కలుపుతాను, ఆయనకి ఆ మాట ఇప్పటికే చెప్పాను.