సింపై: టెస్టింగ్ దగ్గర పని ఎందుకు పేరుకుపోతోందో చూపించే ఉచిత లైబ్రరీ

ఐదుగురు డెవలపర్లు, ఒక్క టెస్టర్. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల గానీ, గన్నవరం మేధా టవర్స్‌లో గానీ, గుంటూరు బ్రాడీపేటలో గానీ చిన్న టీమ్ అంటే దాదాపు ఇదే లెక్క. ఒక్కో డెవలపర్ సగటున ఐదు రోజులకో పని ముగిస్తే టెస్టింగ్‌కి రోజుకొకటి వస్తుంది. టెస్టర్‌కి ఒక్కోదానికి సగటున 0.9 రోజు పడుతుంది. పైకి చూస్తే ఇంకా పదో వంతు తీరిక ఉన్నట్టే. కానీ పనులు వచ్చే తీరు, వాటికి పట్టే సమయం రెండూ ఎక్స్‌పొనెన్షియల్‌గా, అంటే ఎక్కువసార్లు చిన్న వ్యవధి, అప్పుడప్పుడు చాలా పెద్ద వ్యవధి వచ్చేలా ఎగుడుదిగుడుగా ఉంటే, ఒక్కో పని టెస్టింగ్ దశలో సగటున 9 రోజులు ఉండిపోతుంది. అందులో 8.1 రోజులు ఎవరూ ముట్టుకోకుండా వరసలో పడి ఉండేవే. సీజన్లో మిర్చి యార్డు గేటు ముందు లారీల వరస చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

ఎక్సెల్‌లో సగటులు కూడితే ఈ 9 రాదు. దాన్ని రాబట్టడానికి మన చిన్న టీమ్‌లకు అందుబాటులో ఉన్న మంచి పనిముట్టు సింపై. పైథాన్‌లో రాసిన డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్ లైబ్రరీ ఇది, అంటే పని రావడం, మొదలవడం, ముగియడం లాంటి ఘటనలను ఒకదాని తర్వాత ఒకటి కంప్యూటర్లో నడిపి చూపిస్తుంది. 2002లో మొదలైంది. ఎంఐటీ లైసెన్సు కాబట్టి కంపెనీ పనికి వాడుకున్నా పైసా కట్టక్కర్లేదు. పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో ఒక్క కమాండ్, వేరే ప్యాకేజీలేవీ లాగదు, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది. పైథాన్ జనరేటర్లు (మధ్యలో ఆగి మళ్లీ అక్కడినుంచే సాగే ఫంక్షన్లు) తెలిసినవాళ్లకు రెండు మూడు సాయంత్రాల పని. తెలియకపోతే ముందు ఫంక్షన్‌ని అలా ఆపే ఈల్డ్ అంటే ఏమిటో నేర్చుకుని రావాలి, ఎందుకంటే లైబ్రరీ మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

నిర్మాణం చాలా సూటిగా ఉంటుంది. ఎన్విరాన్‌మెంట్ అంటే గడియారం. రిసోర్స్ అంటే టెస్టర్ కుర్చీ. ప్రతి పనీ ఒక ప్రాసెస్: రిసోర్స్‌ని రిక్వెస్ట్ చేస్తుంది, దొరికేదాకా ఆగుతుంది, టైమౌట్‌తో సమయం గడుపుతుంది, వదిలేసి పోతుంది. పై మోడల్‌కి ముప్పై లైన్లు చాలు. టెస్టింగ్ సమయాన్ని 0.9 నుంచి 0.8 రోజుకి తగ్గించి చూడండి, అంటే ఎనిమిది గంటల రోజులో 48 నిమిషాలు. 9 రోజులు 4 అవుతాయి. 0.9 రోజునే ఉంచి రెండో టెస్టర్‌ని పెడితే 1.13 రోజు. మేనేజర్‌తో ఇంకో ఉద్యోగం గురించి మాట్లాడాలంటే ఇంతకంటే సూటైన అంకె దొరకదు.

ఇప్పుడు వెనక్కి వచ్చే పనుల సంగతి. ఐదింటిలో ఒకటి ఫెయిలై, సరిచేశాక మళ్లీ టెస్టింగ్‌కి వస్తోందనుకోండి. ఒక్కో పనికి సగటున 1.25 సార్లు టెస్టింగ్ జరగాలి, అంటే రోజుకి 1.125 రోజుల పని. ఇక వరస ఎప్పటికీ తగ్గదు, వంద పనిదినాల్లో సుమారు 11 పనులు మిగిలిపోతాయి. ఇక్కడే చాలా మోడళ్లు తప్పుతాయి. వెనక్కి వచ్చిన పనిని సరిచేసేది ఆ డెవలపర్లే కదా, వాళ్ల సమయాన్ని కూడా మోడల్ తినాలి. తిరిగొచ్చిన పనిని నేరుగా టెస్టింగ్ వరసలోకి నెట్టేస్తే డెవలపర్లు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తారు, కొత్త పనులు ఉన్నదానికంటే వేగంగా వస్తున్నట్టు కనిపిస్తుంది.

తప్పులు జరిగే చోట్లు బాగా తెలిసినవే. టైమౌట్ ముందు ఈల్డ్ మరిచిపోతే ఎర్రర్ రాదు. ఆ పని గడియారం కోసం ఆగదు, సున్నా సమయంలో పూర్తవుతుంది. రిక్వెస్ట్‌ని విత్ బ్లాక్‌లో (పని అయ్యాక రిసోర్స్‌ని తానే వదిలేసే కోడ్) పెట్టకుండా రాసి రిలీజ్ మరిచిపోతే టెస్టర్ మొదటి పని దగ్గరే శాశ్వతంగా ఇరుక్కుపోతారు. దానికీ ఏ హెచ్చరికా ఉండదు. సింపై తనంతట తాను ర్యాండమ్ అంకెలు ఇవ్వదు కాబట్టి పైథాన్ ర్యాండమ్ మాడ్యూల్ వాడతాం. అందులో ఎక్స్‌పొనెన్షియల్ అంకెలిచ్చే ఎక్స్‌పోవేరియేట్ అడిగేది సగటు కాదు, రేటు. 0.9 రోజు కావాలంటే ఒకటిని 0.9తో భాగించి ఇవ్వాలి. 0.9నే ఇస్తే సగటు 1.11 అయి వరస పేలిపోతుంది. అదే మాడ్యూల్లోని ట్రయాంగులర్‌కి అంకెలు ఇచ్చే క్రమం కనిష్ఠం, గరిష్ఠం, మోడ్ (ఎక్కువసార్లు వచ్చే విలువ). నమ్‌పై అనే ఇంకో పైథాన్ లైబ్రరీలో మోడ్ మధ్యలో వస్తుంది. ఒకదాని అలవాటుతో ఇంకోటి రాస్తే అంకెలు నమ్మదగ్గట్టే కనిపిస్తాయి, అసలు ప్రమాదం అదే.

అన్నిటికంటే పెద్ద తప్పు డేటాలో జరుగుతుంది. టికెట్ సిస్టమ్‌లో పని తెరిచిన తేదీ, మూసిన తేదీ తీసుకుని ఆ తేడానే టెస్టింగ్ సమయంగా ఇచ్చేస్తారు. ఆ తేడాలో వరసలో గడిచిన రోజులు ముందే ఉన్నాయి. మోడల్ వాటి మీద మళ్లీ వరస కడుతుంది, అంటే ఎదురుచూపు రెండుసార్లు లెక్కకొస్తుంది. చేతిలో పట్టుకుని నిజంగా పనిచేసిన గంటలే కావాలి. రెండు వారాలపాటు టెస్టర్ పక్కన ఒక కాగితం పెట్టి ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపు అని రాయించడం మేలు. ఏడాది టికెట్ల కంటే ఆ కాగితమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

అమెరికా క్లయింట్ ఉన్న టీమ్‌లకు ఇంకో సంగతి. న్యూయార్క్‌కీ మనకీ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. శుక్రవారం రాత్రి దాటాక పంపిన ప్రశ్నకు జవాబు మనం చూసేది మంగళవారం పొద్దున. ఈ ఎదురుచూపును రిసోర్స్‌గా పెట్టకూడదు, క్యాలెండర్ చూసే వట్టి టైమౌట్ చాలు. రిసోర్స్‌గా పెడితే రెండో ప్రశ్న మొదటి దాని వెనక నిలబడుతుంది. నిజానికి క్లయింట్ రెండిటికీ ఒకే మెయిల్‌లో జవాబిస్తారు. సింపైలో కాలానికి యూనిట్ లేదు కాబట్టి గంటలో రోజులో ముందే తేల్చుకుని, పనిగంటలా క్యాలెండర్ గంటలా అన్నది ఫైలు మొదట్లోనే రాసిపెట్టాలి.

సెలవుల దగ్గర సింపై ఇబ్బంది పెడుతుంది. రిసోర్స్ సామర్థ్యం మొదట ఇచ్చిందే, మధ్యలో మార్చే దారి లేదు. సంక్రాంతి మూడు రోజులు ఇద్దరు డెవలపర్లు ఊళ్లకు పోతే ఎలా చూపించాలి? ప్రయారిటీ రిసోర్స్ తీసుకుని, అందరికంటే ముందుండే రెండు రిక్వెస్టులు పంపి ఆ రెండు కుర్చీలనీ మూడు రోజులు కట్టేయాలి. చిన్న అంకెకే ముందు పీట అని గుర్తుంచుకోవాలి. కొత్తవాళ్లు చేరడం చూపించాలంటే రిసోర్స్ వదిలి స్టోర్ వాడటం మంచిది, ఒక్కో మనిషినీ ఆబ్జెక్టుగా, తన వేగంతో సహా అందులో వేయొచ్చు. ప్రొడక్షన్ బగ్ వచ్చి చేతిలో పని ఆగిపోవడానికి ప్రీఎంప్టివ్ రిసోర్స్ ఉంది. కానీ మిగిలిన పని ఎంతో అది గుర్తుపెట్టుకోదు. ఇంటరప్ట్‌ని పట్టుకుని, గడిచిన సమయం తీసేసి, మిగిలింది మళ్లీ మనమే అడగాలి. ఈ లెక్క మరిస్తే మోడల్‌లో ఆగిన ప్రతి పనీ మొదటికొస్తుంది, లేదా అసలు మాయమైపోతుంది.

బొమ్మలు, యానిమేషన్ ఏమీ లేవు. కొలతలు తీసే సదుపాయం కూడా తయారుగా లేదు. క్యూ పొడవు మారిన ప్రతిసారీ సమయంతో సహా మనమే రాసుకోవాలి. ఇది నిజమైన లోటు, కొత్తవాళ్లు ఇక్కడే విసిగి వదిలేస్తారు. రాసుకున్నాక లిటిల్ సూత్రంతో సరిచూడాలి: దశలో ఉన్న సగటు పనుల సంఖ్య, రోజుకి వచ్చేవాటిని ఒక్కోటి గడిపే రోజులతో గుణిస్తే వచ్చేదానికి సమానం. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన ఈ సంబంధం మన ఉదాహరణలో 1 ఇంటూ 9, అంటే 9 పనులు. కుదరకపోతే తప్పు మన కొలతల్లోనే ఉంది. ఆ 9 రావాలంటే వంద రోజులు చాలవు. ఖాళీ వరసతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా తక్కువే వస్తుంది. లక్ష రోజులు నడిపితే 9కి ఒక రోజు అటూ ఇటూగా నిలుస్తుంది.

వెన్‌సిమ్ పీఎల్‌ఈ అనే ఇంకో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌తో పోల్చాలా అని అడిగేవాళ్లుంటారు. అది వేరే రకం ఆలోచన. ప్రకాశం బ్యారేజి దగ్గర ఎగువ నుంచి ఎంత వస్తోంది, గేట్లలోంచి ఎంత పోతోంది, మట్టం ఎంత అని చూసినట్టు పనిని నీళ్లలా చూస్తుంది. ఒక్కో పని, ఒక్కో మనిషి కనిపించరు. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందన్న 1975 నాటి బ్రూక్స్ సూత్రాన్ని, పాతవాళ్ల సమయాన్ని శిక్షణ ఎంత తింటుందో చూపించడానికి అదే బాగుంటుంది. కానీ ఆ ఉచిత కూర్పు చదువుకు, సొంత వాడకానికి మాత్రమే, కంపెనీ పనికి కొనాలి. కానూరు, వడ్లమూడి, చౌడవరం కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుకు రెండూ పనికొస్తాయి. నా ఓటు సింపైకే, ఎందుకంటే మోడల్ మొత్తం చదివి ప్రశ్నించగలిగే కోడ్‌గా ఉంటుంది.

క్లయింట్‌కి తేదీ చెప్పాలనుకుంటే ఒక్క రన్ చూసి చెప్పకండి. వేర్వేరు సీడ్‌లతో (ర్యాండమ్ అంకెలను మొదలుపెట్టే సంఖ్యలు) వెయ్యి రన్‌లు నడపండి. ఇంత చిన్న మోడల్‌కి వంద రోజుల చొప్పున నిమిషం లోపే అయిపోతుంది. ముగింపు తేదీలను ముందువి మొదట వచ్చేలా పేర్చి 850వది తీసుకోండి, అంటే వెయ్యి రన్‌లలో 850 ఆ తేదీకల్లా ముగిసినట్టు. ప్రతి రన్ ఫలితం, దాని సీడ్ వెంటనే ఫైలులో రాయించండి, మేలో మధ్యాహ్నం కరెంటు పోయినా ఆగిన రన్ నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు.