సముద్రం పక్కన ఎయిర్‌బ్రష్: ట్యాంకు ఉన్న చిన్న కంప్రెసర్, ఏళ్ల తరబడి వాడాక

ఎయిర్‌బ్రష్‌కి, అంటే గాలితో రంగు చిమ్మే చిన్న గన్‌కి, గాలి అందించడానికి 2020 చివర్లో కొన్న కంప్రెసర్ ఇది. ఇప్పటికీ ఆదివారాలు పని చేస్తూనే ఉంది. ఇలాంటి వాటి మీద కొన్న వారంలోనే రాసేసిన రివ్యూలు బోలెడు కనిపిస్తాయి. అట్టపెట్టె విప్పి, చెంచా మీద ఒక రంగు కొట్టి, అయిదు స్టార్లు ఇచ్చేస్తారు. నాలుగు వానాకాలాలు గడిస్తే గానీ ఈ మిషన్ అసలు గుణం బయటపడదు, అందులోనూ విశాఖపట్నంలో.

నాది ముక్కలు అతికించి చేసే ప్లాస్టిక్ మోడల్ కిట్ల పిచ్చి. ఎక్కువగా మన వైమానిక దళం విమానాలు, 1/72, 1/48 స్కేళ్లలో (అసలు విమానంలో 72వ వంతు, 48వ వంతు). బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌నీ, దానికి ఎదురుగా టీయూ-142 విమానాన్నీ చూస్తూ ఈ ఊళ్లో తిరిగేవాడికి ఈ జబ్బు అంటుకోవడం పెద్ద వింతేమీ కాదు. (టీయూ-142 రెక్కల పొడవు 50 మీటర్లు. 1/72లో చేసినా 70 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మా ఆవిడ దగ్గర ఆ మాట ఇంకా ఎత్తలేదు.) చాలాకాలం కుంచెతోనే లాక్కొచ్చాను. రెక్క మీద కుంచె గీతలు కనబడితే చాలు, ఎంత కష్టపడి అతికించిన విమానమైనా బొమ్మగానే మిగిలిపోతుంది. అందుకే ఎయిర్‌బ్రష్ వైపు వెళ్లాను.

నేను తీసుకున్నది ఏఎస్-186 అనే మోడల్. ఒకటే మిషన్ రకరకాల పేర్లతో, రకరకాల స్టిక్కర్లతో దొరుకుతుంది. నూనె అక్కర్లేని పిస్టన్ కంప్రెసర్, కింద 3 లీటర్ల ట్యాంకు, ప్రెషర్ తగ్గించుకోవడానికి రెగ్యులేటర్, దానికి వేలాడుతూ నీళ్లు పట్టే చిన్న గాజు గిన్నె. ట్యాంకులో ప్రెషర్ 3 బార్‌కి (1 బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి) పడిపోతే మోటార్ దానంతట అదే మొదలవుతుంది, 4 బార్‌కి చేరగానే ఆగిపోతుంది. ట్యాంకు లేని రకం ఇంకా చవక, చూడ్డానికి బుల్లిగా ముద్దొస్తుంది కూడా. డబ్బు మిగుల్చుకుందామని దాని జోలికి మాత్రం వెళ్లకండి, కోస్తాలో ఉండేవాళ్లు అసలే వద్దు.

ఎందుకో చెప్తాను. గాలిని 4 బార్ దాకా నొక్కితే, బయటి ప్రెషర్ కూడా కలుపుకుని అది మామూలు గాలికి అయిదింతలు బిగుసుకున్నట్టు. గాలిలోని తేమ కూడా ఆ లెక్కనే చిక్కబడుతుంది. కాబట్టి బయట తేమ 20 శాతం దాటితే చాలు, నొక్కిన గాలి చల్లారగానే నీళ్లు దిగడం మొదలవుతుంది. మా దగ్గర 70 శాతం ఉందంటే ఆ రోజు వాతావరణం బాగున్నట్టు! ట్యాంకు ఉంటే ఆ నీళ్లు అందులోనే కిందికి దిగిపోతాయి. తర్వాత రెగ్యులేటర్ దాటి 1 బార్‌కి వచ్చేసరికి ఆ గాలి మళ్లీ విచ్చుకుని, బయటి గాలి కంటే పొడిగా మారుతుంది. ట్యాంకు లేని దాంట్లో పిస్టన్ దగ్గరి వేడి గాలి తిన్నగా గొట్టంలోకి వెళ్తుంది, గొట్టంలో చల్లారుతుంది, నీళ్లు గన్‌లోంచి వస్తాయి. ట్యాంకు కరెంటు పోయినప్పుడు ఆదుకుంటుందని కొందరు చెబుతారు, అది ఉత్తదే. 4 నుంచి 1 బార్‌కి దిగేలోపు 3 లీటర్ల ట్యాంకు ఇచ్చేది 9 లీటర్ల మామూలు గాలి. గన్‌కి అది నిమిషం పాటు సరిపోతుందేమో. గన్ కడుక్కోవడానికి పనికొస్తుంది, అంతే.

ట్యాంకు ఉన్నంత మాత్రాన నీళ్ల బెడద పూర్తిగా పోతుందా అంటే పోదు. మిగ్-21 ఎఫ్‌ఎల్ చేసినప్పుడు ఇది బాగా తెలిసొచ్చింది. మన దగ్గర 2013 డిసెంబరు దాకా ఎగిరిన రకం అది, ఒంటి మీద రంగు లేకుండా లోహపు మెరుపుతో ఉండేది. ఆ మెరుపు రావాలంటే ముందు నిగనిగలాడే నల్ల రంగు కొట్టాలి, దాని మీద లోహపు లాకర్ (థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగు) పల్చగా పొరలు పొరలుగా పడాలి. నల్ల రంగు ఎంత నున్నగా ఉంటే మెరుపు అంత బాగుంటుంది. ధూళి రేణువు పడినా దాక్కోదు. జులైలో గంటకు పైగా ఆపకుండా కొడుతున్నాను. ట్యాంకు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఎడమ రెక్క మీద ఆఖరి పొర పడుతుండగా గన్ తుపుక్కుమని ఉమ్మింది. చూస్తే నల్ల రంగు మధ్య మూడు గుండ్రటి మచ్చలు, ఒక్కొక్కటి ఆవగింజంత, అంచున రంగు గట్టుకట్టి, నడుమ ప్లాస్టిక్ కనబడుతూ. 1/48 మిగ్-21లో రెండు రెక్కల కొసల మధ్య దూరం 15 సెంటీమీటర్లే. అంత చిన్న రెక్క మీద ఆవగింజంటే చిన్న మచ్చేం కాదు. ఆరనిచ్చి, 2000 నంబర్ వాటర్ పేపర్‌తో రుద్ది, రెక్క మొత్తం మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

జరిగిందేమిటంటే, మోటార్ ఆపకుండా తిరిగితే ట్యాంకు కూడా వేడెక్కుతుంది. అప్పుడు నీళ్లు ట్యాంకులో దిగవు, దాన్ని దాటి వచ్చి గొట్టంలో దిగుతాయి. దీనికి ఇప్పుడు నేను చేసేది తేలికే. గన్ పిడి కింద బిగించుకునే బొటనవేలంత నీళ్ల ఫిల్టర్ ఒకటి దొరుకుతుంది, అది తప్పనిసరిగా పెట్టుకున్నాను. అరగంట కొట్టాక మిషన్‌కి కాసేపు రెస్ట్ ఇస్తాను. ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూని కూర్చున్న ప్రతిసారీ పని ముగించాక విప్పుతాను. కింద పాత గుడ్డ పెట్టండి. ఆగస్టులో అయితే తుప్పు రంగు నీళ్లు బుస్సుమని వచ్చి గుడ్డ తడిసి ముద్దవుతుంది. డిసెంబరులో ఒకటి రెండు చుక్కలే. ఆ తుప్పు రంగు చూస్తే కాస్త టెన్షన్ వస్తుంది నిజమే. ట్యాంకు ఇనుముదే కదా, లోపల పూత ఎంతకాలం ఉంటుందో. అందుకే నీళ్లు నిలవనివ్వకూడదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, చాలామంది రెండూ కలిపేస్తారు కాబట్టి. వానాకాలంలో లాకర్ వార్నిష్ కొడితే ఒక్కోసారి పాలపొరలా తెల్లబడుతుంది. దానికీ ట్యాంకులో నీళ్లకీ సంబంధం లేదు. థిన్నర్ గబగబా ఆవిరైపోతూ ఆ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గదిలోని తేమ దాని మీద వాలుతుంది. ఎన్ని ఫిల్టర్లు పెట్టినా అది ఆగదు. గదిలో ఏసీని డ్రై మోడ్‌లో కాసేపు నడిపి కొట్టాలి, లేదా నిదానంగా ఆరే థిన్నర్ కలపాలి. రెండూ కుదరకపోతే ఆ రోజు వార్నిష్ మానేసి డీకల్స్ (విమానం మీది గుర్తుల స్టిక్కర్లు) అతికించుకోవడం మేలు.

ఇక చప్పుడు. పెట్టె మీద 47 డెసిబెల్స్ అని ఉంది. ఏ గదిలో, ఎంత దూరంలో కొలిచారో వాళ్లకే తెలియాలి. నిజానికి మన గదిలో ఉన్నవాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు, పక్కన పాటలు పెట్టుకుని పని చేసుకోవచ్చు. గొడవంతా కింది ఫ్లాటుతో. అదురు నేలలోంచి దిగుతుంది. మా కింద ఉండే పెద్దాయన ఓసారి లిఫ్టులో అడిగారు, "ఏవండీ, మీ ఇంట్లో మోటార్ ఊరికే ఆన్ అవుతోంది, ఆఫ్ అవుతోంది, ఎక్కడైనా నీళ్లు కారుతున్నాయేమో చూసుకోండి" అని. ఆ రోజే దాని కింద మందపాటి రబ్బరు షీటు, దాని మీద పాత యోగా మ్యాట్ మడతపెట్టి వేశాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు ముట్టుకోను. ఇంకే మాటా రాలేదు.

పని చెయ్యడానికి వచ్చే ఆమె మాత్రం మొదటిసారి చూసి "ఏటి బాబూ ఇది, దోమల మందు కొట్టేదా?" అంది. మాస్కు పెట్టుకుని కూర్చుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మాస్కు గురించి ఒక్క ముక్క. ఎన్95 రంగు రేణువుల్ని ఆపుతుంది గానీ లాకర్ థిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌ల మాస్కు వేరే ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే గాలిని బాల్కనీలోకి తోసే గొట్టం ఉన్న స్ప్రే బూత్ కూడా కొనాల్సిందే. ఇందులో పొదుపు వద్దు.

కంప్రెసర్‌తో పాటు ఉచితంగా వచ్చిన 0.3 ఎంఎం గన్ సంగతి వేరు. దాని నాజిల్ (రంగు బయటికి చిమ్మే ముక్కు) బియ్యపు గింజలో సగం ఉంటుంది, చిన్న మర ఉంటుంది, బుల్లి స్పానర్‌తో బిగించాలి. ఏడాది తిరక్కుండా ఆ మర లోపలే విరిగింది. స్పేర్ నాజిల్ తెప్పిస్తే అదీ అంతే. థిన్నర్ తగిలి లోపలి రబ్బరు రింగులు ఉబ్బిపోయి ట్రిగ్గర్ బిగుసుకుపోవడం ఇంకో బాధ. ఇప్పుడు దాన్ని ప్రైమర్‌కి, అంటే రంగుకి ముందు వేసే తొలి పూతకి మాత్రమే వాడుతున్నాను. తర్వాత ఇవాటా ఎక్లిప్స్ సీఎస్ తీసుకున్నాను, దాని ధర కంప్రెసర్ కంటే ఎక్కువ. 0.35 ఎంఎం నాజిల్, మర లేదు, ఊరికే లోపల కూర్చోబెట్టి పైన మూత బిగిస్తే దానంతట అదే మధ్యకి సర్దుకుంటుంది. స్పానర్ గొడవే లేదు. విమానాల మీది క్యామోఫ్లాజ్ రంగుల అంచులు మెత్తగా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేలా రావాలంటే ట్రిగ్గర్ వెనక్కి లాగడంలో ఎంత చిన్న తేడా చేసినా గన్‌కి తెలియాలి. దీనికి తెలుస్తుంది.

అయితే ఏ గన్ పనితనమైనా నాజిల్ లోపల ఉండే సూది కొస మీదే ఆధారపడుతుంది. భూతద్దం కింద పెట్టి చూడండి. కంటికి సూటిగా కనిపించే కొస వెంట్రుక మందాన పక్కకి కొక్కెంలా వంగి ఉంటుంది. ఆ కొద్ది వంపుకే రంగు ఒక పక్కకి చిమ్ముతుంది. కొస మీద రంగు ఎండి గడ్డ కట్టినా అంతే, నీళ్లతో కలిపే యాక్రిలిక్స్‌తో మన ఎండల్లో ఇది మరీ ఎక్కువ. థిన్నర్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో మధ్యమధ్యలో కొస తుడుచుకుంటూ ఉండాలి. పని అయ్యాక సూదిని వెనక నుంచి లాగి, తడి గుడ్డని వేళ్ల మధ్య పెట్టి, లావు వైపు నుంచి కొస వైపుకే తుడవాలి. నాజిల్ లోపలికి పళ్ల సందులు తోముకునే సన్న బ్రష్ బాగా పడుతుంది, మందుల షాపులో దొరుకుతుంది. రంగులో థిన్నర్ పాళ్ల విషయానికొస్తే, రంగు గిన్నె గోడ మీద పాలు జారినట్టు జారాలి, ప్రెషర్ 15 నుంచి 20 పీఎస్‌ఐ మధ్య, అంటే 1 బార్ కంటే కాస్త ఎక్కువ. లోహపు లాకర్లకి ఇంకా తగ్గించాలి. మిగతాది చేతికి అలవాటు కావాల్సిందే.

2024లో మిషన్ మొరాయించింది. ట్యాంకు నిండడానికి మొదట్లో పట్టిన టైంకి రెండింతలు పట్టేది, తర్వాత 3 బార్ దగ్గరే గింజుకునేది. ముందు గొట్టం జాయింట్లకి సబ్బు నీళ్లు రాశాను, బుడగల్లేవు. రెగ్యులేటర్ దగ్గరా లేవు. ఫ్రిజ్‌లు బాగుచేసే కుర్రాడొకడు వచ్చి పై మూత నాలుగు బోల్టులు విప్పాడు. పిస్టన్ చుట్టూ ఉండే గిన్నెలాంటి టెఫ్లాన్ సీల్ ఒక పక్క అరిగి కాగితంలా పల్చబడింది, సిలిండర్ గోడల నిండా నల్లటి పొడి. సీల్ ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరికింది, కానీ రావడానికి మూడు వారాలు. మార్చాక మళ్లీ పాత దారికొచ్చింది. అరిగే వస్తువు అరిగింది, దాన్ని తప్పు పట్టను. నాకు నచ్చనిది ఒక్కటే. మాన్యువల్‌లో ఆ సీల్ మాటే లేదు, సైజు కూడా రాయలేదు. పాతదాన్ని కొలిచి తెప్పించుకోవాల్సి వచ్చింది.

కరెంటు ఖర్చు లెక్కపెట్టాల్సినంత లేదు. మోటార్ 1/5 హార్స్‌పవర్, అంటే 150 వాట్ల దరిదాపు. ఆపకుండా ఆరున్నర గంటలు తిప్పితే దాదాపు ఒక యూనిట్. జేబుకి చిల్లు పెట్టేది థిన్నరే. రంగుకి పెట్టేదానికంటే కడగడానికి పెట్టేది ఎక్కువైపోతుంది. చౌకగా హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్ తెచ్చి గన్ కడగడానికి వాడుకోవచ్చు. ప్లాస్టిక్ మీద మాత్రం పడనివ్వకండి, కరిగిపోతుంది.

అనుకోని లాభం ఒకటి. గన్ తీసేసి గాలి ఊదే పిడి తగిలిస్తే కీబోర్డు, ఫ్యాన్ గ్రిల్, మా ఆవిడ కుట్టుమిషన్‌లో బాబిన్ కింద పేరుకున్న నూలు పొట్టు అన్నీ క్షణంలో శుభ్రం. పండగ ముందు ఈ మిషన్ నాకంటే ఆమెకే ఎక్కువ పనికొస్తుంది.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకి వీడ్కోలు పలికారు కదా, ఆ ఊపులో వాటిలో ఆఖరి రకమైన బైసన్ కిట్ ఒకటి మొదలుపెట్టాను. దాని బూడిద రంగులకి ఈ సెట్టే చాలు. కొత్తగా కొనేవాళ్లకి నేను చెప్పేది: కంప్రెసర్ చవకదైనా ఫర్వాలేదు, ట్యాంకు ఉండాలి. గన్ మంచిది కొనండి. ఏడాదికి రెండు కిట్లు చేసేవాళ్లయితే ఇదంతా అక్కర్లేదు, స్ప్రే డబ్బాలతో గడిచిపోతుంది. ఆర్డర్ చేసే ముందు పిస్టన్ సీల్ విడిగా దొరుకుతుందా, దాని వ్యాసం ఎంత అని అమ్మేవాణ్ణి అడగండి. జవాబు చెప్పలేకపోతే ఇంకో దుకాణం చూసుకోండి.