పిల్లల ఫొటోలు తీయిస్తున్నారా? అసలు ఫొటోలు చేతికి రాకుండా డబ్బు మొత్తం కట్టకండి

శ్రీకాకుళంలో పిల్లల పుట్టినరోజుకో, పుట్టు వెంట్రుకలకో స్టూడియో మాట్లాడుకుంటున్న తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక. కత్తిరించని, రంగులు తీసేయని అసలు ఫొటోలను పూర్తి సైజులో ఇస్తామని బిల్లు మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. అవి అందాకే మిగిలిన డబ్బు కట్టండి. స్టూడియో పేరు ఇక్కడ రాయడం లేదు, మా ఫిర్యాదు ఇంకా తేలలేదు.

మా అమ్మాయికి మూడో ఏడు. సింహాచలంలో తలనీలాలు ఇచ్చే ముందు ఆ ఉంగరాల జుట్టుతో మంచి ఫొటోలు ఉండాలనుకున్నాం. బుక్ చేసేటప్పుడే ఈ సంగతి స్పష్టంగా చెప్పాం. ఫొటోలు తీసిన కుర్రాడిది ఏ తప్పూ లేదు. ఓపికగా నవ్వించి, స్టూడియోలో కొన్ని, కళింగపట్నం తీరంలో కొన్ని చక్కగా తీశాడు. మా అత్తయ్య పొందూరు ఖద్దరుతో కుట్టించిన ఎర్రంచు పరికిణీ, చేతులకు గోరింటాకు, బుగ్గన దిష్టిచుక్క, వెనుక సముద్రం. కెమెరా తెర మీద చూసినప్పుడు అన్నీ కళకళలాడుతూ కనిపించాయి.

ఆల్బమ్ మాత్రం చెప్పిన సమయానికి రాలేదు. ముహూర్తం ఆగదు కదా, ఈలోగా సింహాచలం వెళ్ళి తలనీలాలు ఇచ్చేసి వచ్చాం. తర్వాత ఆల్బమ్ వచ్చిందని కబురు వచ్చింది. మొత్తం డబ్బు కడితేనే పెట్టె విప్పనిస్తామన్నారు. కట్టి విప్పాం.

ఎక్కువ ఫొటోలకు రంగు లేదు. పాప ముఖం, జుట్టు, సముద్రం, ఇసుక అన్నీ బూడిద రంగు. పరికిణీ అంచు ఒక్కటే ఎర్రగా మెరుస్తోంది. దీన్ని సెలెక్టివ్ కలర్ అంటారట, ఇప్పుడు అందరూ ఇదే అడుగుతున్నారట. మేం అడగలేదు. పైగా చేసింది కూడా శ్రద్ధగా చేయలేదు. కంప్యూటర్లో ఎరుపును మాత్రమే ఉంచమంటే పెదవుల్లో, బుగ్గల్లో, చెవి అంచుల్లో ఉన్న ఎరుపు కూడా మిగిలిపోతుంది. అలా మిగిలినదాన్ని చేత్తో జాగ్రత్తగా చెరపాలి. వీళ్ళు చెరిపీ చెరపనట్టు వదిలేశారు. ఒక ఫొటోలో పాప ఒక చెవి రంగులో ఉంది, రెండోది లేదు. అంచు పట్టుకున్న వేళ్ళలో రెండు ఎర్రగా, మిగిలినవి బూడిదగా ఉన్నాయి. ఎర్రగా పండిన గోరింటాకు నలుపు తెలుపులోకి మారేసరికి అరచేతులకు మసి అంటినట్టుంది. పొందూరు ఖద్దరు అందం దాని మీగడ రంగులో ఉంటుంది. ఇక్కడ అది ఉతకని గుడ్డలా వెలిసిపోయింది. దిష్టిచుక్కనైతే మచ్చ అనుకుని చెరిపేశారు. అత్తయ్య ఇప్పటికీ దాన్నే తలుచుకుని తిడుతుంది.

ఆ పద్ధతి మీద నాకు కోపమేమీ లేదు. ఒకప్పుడు మన ఊళ్ళ స్టూడియోల్లో నలుపు తెలుపు ఫొటోలకు చేత్తో రంగులద్దేవారు, పాపిట్లో కుంకుమకూ చీర అంచుకూ. అక్కడ లేని రంగును తెచ్చేవారు. ఇక్కడ ఉన్న రంగును తీసేశారు. ఆల్బమ్‌లో ఒకటి రెండు ఫొటోలకు, చూసేవాళ్ళ దృష్టి దేని మీద పడాలో ఆలోచించి చేస్తే ఇదీ బాగానే ఉంటుంది. పాప ఫొటోలో దృష్టి పరికిణీ అంచు మీద పడడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

కత్తిరింపు అంతకన్నా ఘోరం. దగ్గర నుంచి తీసిన ఫొటోల్లో నుదుటి పైభాగాన్ని కొద్దిగా కోసి కళ్ళను ప్రధానం చేయడం ఫొటోగ్రాఫర్లు మామూలుగా చేసే పనే. కాదనను. కానీ జుట్టు కోసమే తీయించిన ఫొటోల్లో జుట్టునే కోసేశారు. ఉంగరాలన్నీ చట్రం బయట పోయాయి. కూర్చున్న ఫొటోలో కాళ్ళను సరిగ్గా చీలమండ దగ్గర కోశారు, పట్టీలు పోయాయి. మణికట్టు, మోకాలు, చీలమండ లాంటి కీళ్ళ దగ్గర కోస్తే అవయవం తెగినట్టు కనిపిస్తుందని ఈ పని నేర్చుకునేవారికి మొదట్లోనే చెబుతారు. తీరంలో తీసిన ఫొటోల్లో సముద్రం సన్నని గీతలా మిగిలింది.

ఎందుకిలా అయిందో తర్వాత లెక్క వేస్తే తెలిసింది. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో సాధారణంగా 6000 చుక్కల (పిక్సెళ్ళ) వెడల్పు, 4000 చుక్కల ఎత్తు ఉంటుంది. మనకు అంటగట్టే ఆల్బమ్‌లో విప్పిన షీటు 12×36 అంగుళాలు, అంటే ఎత్తుకు మూడింతల వెడల్పు. దాని నిండా ఒకే ఫొటో పరవాలంటే 4000 చుక్కల ఎత్తులో 2000 మాత్రమే మిగులుతుంది. సగం ఫొటో చెత్తబుట్టలోకి పోతుంది. ఆ మిగిలిన సగం కూడా అంగుళానికి 167 చుక్కల దగ్గరే ఆగిపోతుంది, మంచి ముద్రణకు 300 ఉండాలంటారు. అందులోంచి ముఖం ఒక్కటే కోసి పెద్దది చేస్తే మసకబారక ఏమవుతుంది? దీనికి తోడు షీటు మధ్య మడత. మా ఆల్బమ్‌లో అది రెండు చోట్ల సరిగ్గా పాప ముక్కు మీదుగా వెళ్ళింది.

గోడకు పెట్టే ఫ్రేముకూ ఈ చిక్కుంది. కెమెరా ఫొటో కొలతకు 8×12 సరిగ్గా సరిపోతుంది. 8×10 అంటే పొడవులో రెండు అంగుళాలు కోయాల్సిందే. ఆ రెండు అంగుళాలు తల వైపు పోవాలో, కాళ్ళ వైపు పోవాలో మీరే చెప్పండి, ఎడిటింగ్ కుర్రాడికి వదలకండి.

ఆల్బమ్ పోతే పోయింది, అసలు ఫొటోలు ఇవ్వండి, మేమే వేరే చోట వేయించుకుంటాం అన్నాం. చెరిపేశామన్నారు. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినవి కూడా ఈ కోసిన, రంగు తీసిన ఫొటోలే. ఇలా మార్చి సేవ్ చేసిన జేపీజీ నుంచి పోయిన జుట్టూ రాదు, పోయిన రంగూ రాదు. ఇప్పుడు కృత్రిమ మేధతో రంగులు వేయిస్తామనే వాళ్ళున్నారు. అది ఊహించి వేసే రంగు, మా పాప రంగు కాదు.

అంతలో బంధువుల అమ్మాయి ఆ స్టూడియో ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టిన మా పాప ఫొటో పంపింది. పూర్తి రంగుల్లో, పూర్తి జుట్టుతో, వెనుక సముద్రంతో! మమ్మల్ని అడగకుండా ప్రచారానికి వాడుకున్నారు. చెరిపేసిన ఫొటో అక్కడికి ఎలా వచ్చిందని అడిగితే మాట మార్చి, రంగు ఫొటో కావాలంటే ఒక్కోదానికి ఇంత అని ధర చెప్పారు.

మీకూ ఇలాంటి పరిస్థితి వస్తే తెలిసి ఉండాల్సినవి చెబుతాను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి కాపీరైట్ తీయించుకున్నవారిదే, వేరే ఒప్పందం లేకపోతే. ఆ 'వేరే ఒప్పందం' బిల్లు వెనుక చిన్న అక్షరాల్లో ఉండవచ్చు, సంతకానికి ముందు చదవండి. ప్రచారానికి వాడకూడదనుకుంటే అదీ రాయించండి. రా ఫైళ్ళు, అంటే కెమెరా దాచిన, ఇంకా ఏ మార్పూ చేయని ముడి ఫైళ్ళు, చాలామంది ఫొటోగ్రాఫర్లు ఇవ్వరు, దాని మీద పట్టుబట్టక్కర్లేదు. పూర్తి సైజు రంగు జేపీజీలు చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, పెన్‌డ్రైవ్‌లోనే తీసుకోండి. ఆల్బమ్ ముద్రణకు వెళ్ళే ముందు ప్రతి షీటూ చూసి ఒప్పుకుంటేనే వేయాలని షరతు పెట్టండి.

బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. మేం మొదట అక్కడే నమోదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు, రెండేళ్ళ గడువుంది. మేం ప్రధానంగా అడుగుతున్నది ఆ ఫైళ్ళే.

ఇప్పటికే ఫొటోలు తీయించుకున్నవాళ్ళు ఇవాళే పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కు పెట్టి ఒక్కో ఫొటో కొలత చూడండి. అన్నీ 6000×4000 లాగా ఒకే కొలతలో ఉంటే దాదాపుగా పూర్తి ఫొటోలే. ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఉంటే కోసి ఇచ్చారన్నమాట. అలా ఉంటే వెంటనే వెళ్ళి అసలువి అడగండి. హార్డ్‌డిస్కు నిండగానే పాతవి తీసేసే స్టూడియోలే ఎక్కువ.