ఆరేళ్లు వాడిన లాటిన్ డిక్షనరీ: రాజ్మా దగ్గర మోసపోయాను

19వ శతాబ్దం నాటి ఈ లాటిన్–ఇంగ్లీషు డిక్షనరీని ఆరేళ్లుగా రోజూ వాడుతున్నాను. క్రియలకి దీన్ని మించింది నాకు దొరకలేదు. నా బాధంతా మొక్కల పేర్లతోనే.

రోమన్ కవి వర్జిల్ వ్యవసాయ కావ్యం 'జార్జిక్స్' మొదటి భాగాన్ని నాకోసం తెలుగులోకి రాసుకుంటున్నాను. ఏ గింజ ఎప్పుడు చల్లాలో చెప్పేచోట 'విలెమ్ ఫసేలుమ్' అని వస్తుంది. విలెమ్ అంటే చవకది. ఫసేలుస్ అంటే 'కిడ్నీ బీన్' అంది డిక్షనరీ. 'చవక రాజ్మా' అని రాసేసి ముందుకెళ్లిపోయాను.

కొన్ని నెలలకి, అగ్రికల్చర్ బీఎస్సీ చదివే మా చెల్లెలికి అది వినిపించాను. ఆ మాట దగ్గరే ఆపేసింది. "అన్నయ్యా, రాజ్మా అమెరికా పంట కదా! రోమ్‌లో ఎక్కడిది?"

నిజమే. వర్జిల్ పోయింది క్రీ.పూ. 19లో, కొలంబస్ బయల్దేరింది 1492లో. ఒక్క మాట తప్పైతే మిగతా వాటి సంగతేంటని ఒకటే టెన్షన్. ఆ రాత్రి రోమన్ రచయిత ప్లినీ 'ప్రకృతి చరిత్ర' 18వ పుస్తకం తీశాను. ఈ ఫసేలుస్ కాయల్ని గింజలతో సహా తింటారని ఉంది. అమెరికా నుంచి వచ్చిన చిక్కుడు జాతికి, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో ఈ పాత పేరే ఖాయం చేశాడు, తికమకంతా అక్కడే. రోమన్లు తిన్నది అలసందలని ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది మాట. మనవైపు బొబ్బర్లన్నా అవే.

ఫసేలుస్‌కి సన్నటి పడవ అనే అర్థం కూడా అదే డిక్షనరీలో ఉంది. పెరట్లో ఒక అలసంద కాయ తెంపి నిలువునా చీల్చాను. రెండు కొసలూ సన్నగా, మధ్యలో వరసగా గింజలు, అచ్చం మనుషులు కూర్చున్న పడవే. ఎంత సంతోషమేసిందో! 'చవక అలసంద' అని దిద్దుకున్నాను.

జంతువుల పేర్లకి ఇది బాగుంటుందని ఇదివరకు స్నేహితులకి చెప్పాను. ఫేలిస్ కింద పిల్లితో పాటు మార్టెన్‌ (ముంగిసలా ఉండే చిన్న జంతువు) కూడా ఇచ్చింది, అది మెచ్చుకోవాలి. కానీ ఏ వాక్యంలో ఏదో మనమే తేల్చుకోవాలి.

పరీక్షకి చదివేవాళ్లకి ఇది చాలేమో. నేను తెలుగు రైతుకి అర్థమయ్యే పంట పేరు రాయాలి కాబట్టి నాకు చాలట్లేదు. అయినా వదల్లేను. ఇప్పుడు మొక్క పేరు వస్తే ముందు పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి ప్లినీ దగ్గరికి వెళ్తున్నాను. హయకింథుస్ అనే పువ్వు పేరు పక్కన పెట్టిన ప్రశ్నార్థకం మూడు వారాలుగా అలాగే ఉంది.